ఆరో వారం ఏడుపు: ఊపితే ఎందుకు ఊరుకుంటారు, మందు వేస్తే ఎందుకు తగ్గినట్టు ఉంటుంది

బిడ్డకు నెల దాటుతుంది. పగలంతా బాగానే పాలు తాగి పడుకున్న పసివాడు సందెవేళ దీపం పెట్టే సమయానికి ఏడుపు అందుకుంటాడు. పాలిస్తే నాలుగు గుటకలు వేసి వదిలేస్తాడు. గుడ్డ మార్చినా ఆగడు. ముఖం ఎర్రగా కందిపోతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి, కాళ్లు పొట్టకేసి ముడుచుకుంటాయి. ఇంట్లో ఒకరు కడుపునొప్పి అంటారు, ఒకరు దిష్టి అంటారు, పక్కింటావిడ పాలు చాలడం లేదేమో అంటుంది. ఆ చివరి మాట బాలింత మనసులో ముల్లులా దిగుతుంది. రాత్రి తొమ్మిదికో పదికో ఆ ఏడుపు ఎలా మొదలైందో అలాగే ఆగిపోతుంది. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే.

దీన్ని ఆపడానికి సలహాలకు కొదవ లేదు. ఏ సలహా నిజంగా పనిచేస్తోంది, దేనికి ఊరికే పేరొచ్చింది అని విడదీసి చూడాలంటే, ఎవరూ ఏమీ చేయకపోయినా ఈ ఏడుపు ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో ముందు తెలియాలి.

1962లో అమెరికా పిల్లల డాక్టరు టి. బెర్రీ బ్రేజెల్టన్ 80 మంది పసిపిల్లల తల్లులతో రోజువారీ లెక్క రాయించారు. రెండో వారంలో రోజుకు సుమారు గంటా ముప్పావు ఉన్న ఏడుపు, ఆరో వారానికి దాదాపు రెండు ముప్పావు గంటలకు చేరింది. అక్కణ్నుంచి తగ్గుముఖం పట్టి మూడో నెలకల్లా బాగా దిగిపోయింది. అందులో ఎక్కువ భాగం సాయంత్రం వేళే. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్కలే. 2017లో డీటర్ వోల్కె అనే పరిశోధకుడి బృందం పలు దేశాల్లో జరిగిన 28 అధ్యయనాలను, దాదాపు 8,700 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. తొలి ఆరు వారాల్లో రోజుకు సుమారు రెండు గంటల ఏడుపు, 10 నుంచి 12 వారాల వయసుకు 68 నిమిషాలు. ఈ లెక్కలో ఆరో వారం శిఖరం అంత స్పష్టంగా కనిపించలేదు. తొలి వారాలన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉండి తర్వాత పడిపోయాయి. ఆ పడిపోవడం మాత్రం రెండింటిలోనూ ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ వారాలను పుట్టిన రోజు నుంచి కాకుండా డాక్టరిచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టాలి. దీన్నిబట్టి ఇది ఎదుగుతున్న మెదడుకు సంబంధించిన దశ అనుకోవడానికి బలమైన ఆధారం ఉంది.

రోజుకు మూడు గంటలకు పైగా, వారంలో మూడు రోజులకు పైగా, మూడు వారాల పాటు ఏడిస్తే దాన్ని కోలిక్ అనాలని 1954లో వెసెల్ అనే డాక్టరు ఒక కొలత పెట్టారు. ఇప్పటికీ చాలామంది అదే వాడుతున్నారు. కానీ డాక్టర్లు రోగనిర్ధారణకు వాడే ప్రమాణాల్లో 2016లో ఈ మూడు మూళ్ల లెక్కను పక్కన పెట్టారు. రెండున్నర గంటలు ఏడిచే బిడ్డకూ మూడు గంటలు ఏడిచే బిడ్డకూ మధ్య జబ్బు గీత ఏమీ లేదు. వోల్కె లెక్క ప్రకారం తొలి ఆరు వారాల్లో 17 నుంచి 25 శాతం పిల్లలు కోలిక్ కొలతకు సరిపోతారు. 10 నుంచి 12 వారాలకు ఆ సంఖ్య 0.6 శాతం. ఇంత వేగంగా, ఇంత మందిలో, ఏ వైద్యం లేకుండా తగ్గిపోయేది ఇంకొకటి వెతికినా దొరకడం కష్టం.

మందులకు పేరు ఎలా వస్తుంది

అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చిన వసకొమ్మ ఐదో వారంలో అరగదీస్తారు. ఫలితం ఉండదు. ఆరో వారంలో వాము నీళ్లు, ఏడో వారంలో గ్రైప్ వాటర్, ఎనిమిదో వారంలో మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు. తొమ్మిదో వారంలో ఏడుపు తగ్గుతుంది. పేరు చుక్కల మందుకు దక్కుతుంది. ఇదే ఇంట్లో ఆ వరుస కాస్త తిరగబడి ఉంటే ఆ పేరు వసకొమ్మకు దక్కేది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమ కళ్ల ముందు జరిగిందే చెబుతున్నారు. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగితే కాకే పడగొట్టిందనిపిస్తుంది కదా, పసిపిల్లల ఏడుపులో ఆ కాకతాళీయం ఇంటింటా జరుగుతుంది.

1994లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష దీన్ని చక్కగా బయటపెట్టింది. గ్యాస్‌కు వాడే సిమెథికోన్ చుక్కలను, ఏ మందూ లేని ఉత్తుత్తి చుక్కలను మార్చిమార్చి 83 మంది పిల్లలకు ఇచ్చారు. ఏది ఏదో తల్లిదండ్రులకు తెలియదు. సిమెథికోన్‌తో మాత్రమే తగ్గినవారు 28 శాతం, ఉత్తుత్తి చుక్కలతో మాత్రమే తగ్గినవారు 37 శాతం, రెండింటితోనూ తగ్గినవారు 20 శాతం. మందు లేని సీసాకే ఎక్కువ మంది ఓటేశారు. సిమెథికోన్ వల్ల పెద్దగా హాని లేదు, అందుకే డాక్టర్లూ కాదనరు. హాని లేకపోవడం వేరు, పనిచేయడం వేరు.

గ్రైప్ వాటర్ కథ 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మొదలైంది. విలియమ్ వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు దాన్ని రూపొందించారు. పాత ఫార్ములాలో సోయికూర గింజల నూనె, సోడా, పంచదారతో పాటు 3.6 శాతం ఆల్కహాల్ కూడా ఉండేది. తర్వాత ఆల్కహాల్ తీసేశారు. తీపి నాలుక మీద పడగానే బిడ్డ ఒక నిమిషం ఆగి చప్పరించడం నిజమే. పసిపిల్లలకు తీపి కాసేపు నొప్పి మరపిస్తుంది. ఆ నిమిషం గడిచాక మిగిలేది ఏమిటన్నదే ప్రశ్న.

వస విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడడం కుదరదు. మాటలు త్వరగా వస్తాయనీ, కడుపునొప్పి పోతుందనీ తరతరాలుగా వస పోస్తున్నారు. ఆ కొమ్ములో ఉండే అసరోన్ అనే పదార్థం మీద ఉన్న అనుమానాల వల్ల అమెరికా 1968లోనే దాన్ని ఆహార పదార్థాల్లో కలపకుండా నిషేధించింది. అరగదీసే రాయి, ఉగ్గుగిన్నె, నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయన్నది ఇంకో భయం. నాలుక మీద తేనె రాయడం కూడా అంతే. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి చుక్కలు ఆరు నెలల లోపు పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదం తెస్తాయి కాబట్టి వాడకూడదు. ఇంట్లో పెద్ద పిల్లాడి కోసం తెచ్చిన సీసా అల్మారాలో ఉండి, అర్ధరాత్రి అదే చేతికి దొరుకుతుంది. అందుకే ఈ పేరు గుర్తుండాలి.

ఆధారం కాస్త బలంగా ఉన్నది ఒక్క ప్రోబయాటిక్‌కు. లాక్టోబాసిల్లస్ రయుటెరి అనే మంచి బ్యాక్టీరియా చుక్కల మీద నాలుగు పరీక్షలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, మూడు వారాల తర్వాత రోజుకు సుమారు 25 నిమిషాల ఏడుపు తగ్గినట్టు తేలింది. అదీ తల్లిపాలు తాగే పిల్లల్లోనే. డబ్బాపాల పిల్లల్లో అలా చెప్పడానికి ఆధారాలు చాలలేదు. డాక్టరు రాస్తే వాడొచ్చు గానీ, 25 నిమిషాలు అంటే ఎంతో తెలిసి వాడాలి.

భుజం మీద వేసుకుని నడవడం

మందుల దగ్గర ఇంత తడబాటు ఉండగా, ఏ ఖర్చూ లేని ఒక పనికి మాత్రం శరీరంలోనే కొలవగల ఆధారం ఉంది. ఎత్తుకుని నడవడం.

జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2013లో దీన్ని కొలిచింది. తల్లి బిడ్డను ఎత్తుకుని కూర్చున్నప్పుడు కంటే ఎత్తుకుని నడుస్తున్నప్పుడు ఏడుపు తగ్గింది, ఒళ్లు కుదుటపడింది, కొన్ని సెకన్లలోనే గుండె వేగం దిగింది. ఎలుక పిల్లలను తల్లి నోట కరచుకుని మోసుకెళ్తున్నప్పుడు అవి కూడా అలాగే ముడుచుకుని కదలకుండా ఉంటాయి. ప్రమాదంలో పిల్లను తీసుకుని పరుగెత్తే తల్లికి, గింజుకోని పిల్ల వల్ల మేలు. ఆ పాత ఏర్పాటు మనిషి పిల్లల్లో కూడా మిగిలి ఉంది. నిలబడి అటూ ఇటూ తిరుగుతుంటే ఊరుకుని, మంచం మీద కూర్చోగానే మళ్లీ అందుకునే బిడ్డ మొండి బిడ్డ కాదు. కూర్చున్న సంగతి వాడి ఒంటికి తెలిసిపోతుంది.

2022లో అదే బృందం 21 మంది పిల్లలతో ఇంకో అడుగు వేసింది. ఏడుస్తున్న బిడ్డను ఒంటికి హత్తుకుని, ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే దాదాపు సగం మంది నిద్రలోకి జారుకున్నారు. అసలు చిక్కు పడుకోబెట్టేటప్పుడు. మూడో వంతు పైగా పిల్లలు పక్క మీద వేసిన కొద్ది సెకన్లలోనే లేచిపోయారు. వీపు పరుపుకు తగలడం వల్ల లేస్తున్నారని అందరూ అనుకుంటారు. గుండె కొట్టుకునే తీరు చూస్తే, తల్లి ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణంలోనే బిడ్డ మేల్కొంటున్నట్టు కనిపించింది. అందుకే వాళ్లు చెప్పిన పద్ధతి ఇది: ఐదు నిమిషాలు నడక, నిద్ర పట్టాక వెంటనే దించకుండా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే ఎత్తుకుని కూర్చోవడం, ఆ తర్వాత పడుకోబెట్టడం. నిద్రపోయాక ఇంకాసేపు ఒళ్లో ఉంచుకోమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అయితే రోజంతా ఎత్తుకుంటే మొత్తం ఏడుపు తగ్గుతుందా? కెనడాలో హంజికర్, బార్ అనే పరిశోధకులు 1986లో 99 మంది తల్లులతో చేసిన పరీక్షలో, ఏడవకపోయినా రోజూ ఎక్కువ సేపు ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో 43 శాతం తక్కువ ఏడ్చారు. ఆ అంకె ప్రపంచమంతా పాకింది. తర్వాత లండన్‌లో జరిగిన పరీక్షలో అంత తేడా కనిపించలేదు. అప్పటికే కోలిక్‌తో ఉన్న పిల్లల్లో బార్ స్వయంగా చూసినా లాభం తేలలేదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కుంగ్ శాన్ ప్రజల పిల్లలు ఇంకో కోణం చూపిస్తారు. వాళ్లు రోజంతా తల్లి ఒంటినే అంటిపెట్టుకుని ఉంటారు, గంటకు మూడు నాలుగు సార్లు పాలు తాగుతారు. వాళ్లలో కూడా తొలి నెలల్లో ఏడుపు పెరిగి తగ్గుతుంది. ఎన్నిసార్లు ఏడుస్తారన్నది పాశ్చాత్య పిల్లలతో సమానమే. ఒక్కో ఏడుపు సాగే సేపు మాత్రం చాలా తక్కువ. అంటే ఎత్తుకోవడం ఏడుపు మొదలవకుండా ఆపకపోవచ్చు, మొదలైనదాన్ని పొట్టిగా చేస్తుంది. సముదాయించడం నుంచి ఆశించదగింది ఇంతే, ఇది తక్కువ కూడా కాదు.

"ఎత్తుకుంటే అలవాటైపోతుంది, కింద పెట్టనివ్వడు" అన్న మాట తెలుగిళ్లలో రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. మూడు నెలల లోపు బిడ్డకు పెద్దవాళ్లను ఆడించే తెలివి ఇంకా రాదు. బాల్టిమోర్‌లో 26 మంది తల్లీబిడ్డలను ఏడాది పాటు గమనించి బెల్, ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు 1972లో రాసినదాని ప్రకారం, తొలి నెలల్లో వెంటనే పలికిన తల్లుల పిల్లలు తర్వాతి నెలల్లో తక్కువ ఏడ్చారు. ఆ అధ్యయనం చేసిన తీరును తప్పుపట్టినవారూ ఉన్నారు, పెద్ద నెలల పిల్లల్లో చిన్నపాటి నసకు కాస్త ఆగి చూడడమే మంచిదన్న ఫలితాలూ వచ్చాయి. కానీ నెల పిల్లను ఎత్తుకుంటే చెడిపోతుందనడానికి ఆధారం లేదు.

తొట్టెల, జోల, పొత్తిళ్లు

బారసాల నాడు బిడ్డను తొట్టెలలో వేయడం తెలుగువారికి పండుగ. ఊపు పనిచేయడానికి కారణం నడక పనిచేయడానికి ఉన్న కారణమే: చెవి లోపల ఒంటి కదలికను పసిగట్టే భాగానికి ఒకే లయలో సంకేతం అందుతూ ఉండడం. చీర ఉయ్యాల దీనికి ఇంకోటి కలుపుతుంది, నలువైపులా గుడ్డ ఒత్తుకుని కడుపులో ఉన్నట్టే ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. నిలవని మెడ ముందుకు వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడే దారి సన్నబడుతుంది. అమెరికా 2022లో చట్టం చేసి, పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే పసిపిల్లల పడకలను నిషేధించింది. ఆర్నెల్ల వీసా మీద వెళ్లిన అమ్మమ్మ చీర ఉయ్యాల కడదామంటే, అక్కడి కూతురు వద్దనడానికి కారణం ఈ భయమే. మధ్యేమార్గం ఉంది. మెలకువగా ఉన్న పెద్దవాళ్ల కళ్ల ముందు ఊపి జోకొట్టడం, నిద్రపట్టాక చదునైన గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టడం. ఇంట్లో కాస్త పెద్ద పిల్లలుంటే వేలాడే చీరను వాడనప్పుడు విప్పేయాలి. ఆడుకుంటూ మెడకు చుట్టుకున్న ఘటనలు వార్తల్లో వస్తూనే ఉన్నాయి.

జోలపాటలో మాటలకంటే లయ, గొంతు దగ్గరతనం ముఖ్యం. పాట రానివాళ్లు చెవి దగ్గర "ష్‌ష్" అని ఊపిరి వదిలినా చాలు. 1990లో లండన్‌లో పుట్టి వారం కూడా కాని 40 మంది పిల్లలకు చేసిన పరీక్షలో, ఆగని హోరు లాంటి శబ్దం వినిపించిన 20 మందిలో 16 మంది ఐదు నిమిషాల్లో నిద్రపోయారు. ఏ శబ్దమూ లేని 20 మందిలో ఐదుగురే. ఫ్యాన్ హోరు, కుక్కర్ వేళకు వంటింటి చప్పుడు కొందరు పిల్లలను నిద్రపుచ్చేది ఇందుకే. ఫోన్లో ఆ శబ్దం పెట్టి బిడ్డ తల పక్కనే ఉంచడం మాత్రం తప్పు. 2014లో 14 రకాల యంత్రాలను కొలిస్తే, పూర్తి శబ్దంలో మూడు యంత్రాలు అడుగు దూరంలో 85 డెసిబెల్స్ దాటాయి. ఫ్యాక్టరీ కార్మికుల చెవులకు కూడా రోజంతా అది ఎక్కువే. ఫోను గదికి అవతలి చివర, సన్నగా, బిడ్డ నిద్రపోయేదాకా.

పొత్తిళ్లలో చుట్టడం వల్ల చేతులు ఉలిక్కిపడి కొట్టుకోవడం తగ్గి చాలామంది పిల్లలు కుదురుతారు. చేతులు చుట్టవచ్చు, కాళ్లు బిగించకూడదు. తొడలు పైకి ముడుచుకుని పక్కకు విచ్చుకునే చోటు ఉండాలి. కాళ్లు చాపి బిగించి చుట్టే అలవాటును మాన్పించడానికి జపాన్ 1975లో దేశమంతా ప్రచారం చేస్తే, పిల్లల్లో తుంటి కీలు తొలగే సమస్య బాగా తగ్గింది. బోర్లా పడే ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం మానేయాలి.

ఇక ఎండ. రెంటచింతల, రామగుండం ఎండల్లో మే నెలలో పుట్టిన బిడ్డకు ఉన్ని టోపీ, సాక్సులు, రెండు వరుసల గుడ్డలు తొడిగి, గాలి తగులుతుందని కిటికీలు మూసి, సాంబ్రాణి పొగ వేస్తే ఆ ఏడుపుకు వేరే కారణం వెతకనక్కర్లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే చెమట తెలుస్తుంది. పెద్దవాళ్లకు ఉక్కపోస్తే బిడ్డకూ పోస్తున్నట్టే. దాహం అనుకుని నీళ్లు పట్టకూడదు. ఆరు నెలల వరకు తల్లిపాలలో ఉన్న నీరే సరిపోతుంది, ఇంకాస్త తరచుగా పట్టాలి, అంతే.

తల్లి కంచం మీద పడే నింద

బిడ్డ ఏడిస్తే మొదట తగ్గేది తల్లి భోజనం. పప్పు తింటే గ్యాస్, వంకాయ వద్దు, పెరుగు జలుబు, ఎక్కువ నీళ్లు తాగితే పొట్ట. చివరికి కారప్పొడి, నెయ్యి, వెల్లుల్లి అన్నం మిగులుతాయి. తల్లి పేగుల్లో పుట్టిన గ్యాస్ పాలలోకి రాదు. పాలు తయారయ్యేది రక్తంలో కలిసిన పోషకాల నుంచి. పప్పులో గ్యాస్ పుట్టించే పీచు రక్తంలోకే వెళ్లదు. కొన్ని మాత్రం వెళ్తాయి: కాఫీ, టీలలోని కెఫీన్, ఆవు లేదా గేదె పాలలోని ప్రొటీన్. కొద్దిమంది పిల్లలకు ఆ ప్రొటీన్ పడదు. అలాంటప్పుడు ఏడుపుతో పాటు మలంలో రక్తపు చారలో, ఒంటి మీద ఎగ్జిమానో, ఆగని వాంతులో కనిపిస్తాయి. అప్పుడు కూడా డాక్టరు సలహాతో ఒక్క పాల పదార్థాలనే కొన్నాళ్లు ఆపి చూడాలి. ప్రసవంతో రక్తం పోయి, రోజుకు పదిసార్లు పాలిచ్చే మనిషికి పప్పు, కూరలు, పెరుగు లేకుండా చేయడం వల్ల బిడ్డ ఏడుపు తగ్గదు, తల్లి ఒంట్లో సత్తువ తగ్గుతుంది. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

పాలు చాలుతున్నాయా అన్న టెన్షన్‌కు ఏడుపు కొలబద్ద కాదు. మొదటి వారం దాటాక రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ సార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. సాయంత్రాలు పదేపదే రొమ్ము అడగడం ఈ వయసు పిల్లల మామూలు తీరు. ఏడుపు గొంతుకెక్కాక బిడ్డ రొమ్ము పట్టలేడు. నోరు తెరిచి అటూ ఇటూ వెతకడం, పిడికిలి చప్పరించడం చూసినప్పుడే పట్టాలి. టీకా సూది రోజున పాలు పడుతూ ఉంటే నొప్పి ఏడుపు తగ్గుతుందన్నది గట్టిగా రుజువైన విషయం. 6, 10, 14 వారాల టీకాలకు వెళ్లే తల్లి ఆ మాట నర్సును అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

ఇది ఆ ఏడుపు కాదు అనిపించినప్పుడు

రోజూ ఒకే వేళకు వచ్చిపోయే ఏడుపు వేరు, కొత్తగా వచ్చిన ఏడుపు వేరు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే ఆ రాత్రే డాక్టరు చూడాలి. ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, ఉబ్బిన మాడు, పాలు పూర్తిగా మానేయడం, వేలాడిపోయినట్టు ఉండడం, ఎన్నడూ లేని సన్నటి కీచు ఏడుపు, ఇవీ అంతే. కాళ్లు ముడిచి గిలగిలలాడి, కాసేపు పాలిపోయి ఊరుకుని, మళ్లీ అలాగే ఏడుస్తుంటే పేగు పేగులోకి దూరి ఉండొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108కి ఫోన్ చేయడానికి ఇవి సరైన కారణాలు.

ఆసుపత్రికి పరుగెత్తే ముందు ఒకసారి గుడ్డలన్నీ విప్పి చూడడం మంచిది. ప్రసవం తర్వాత తల్లికి జుట్టు ఎక్కువగా రాలుతుంది. ఒక్క వెంట్రుక సాక్సులో చేరి కాలివేలికి చుట్టుకుంటే వేలు వాచి ఎర్రబడుతుంది, బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో ఎవరికీ అంతుపట్టదు. బిగిసిన మొలతాడు, కాలి నల్లదారం, గజ్జల్లో ఉబ్బిన హెర్నియా, కంట్లో పడ్డ కాటుక కూడా అలా విప్పితేనే కనబడతాయి.

ఏమీ కనబడక, అన్నీ చేసినా ఆగని రాత్రులు ఉంటాయి. సముదాయించే పద్ధతుల్లో ఏదీ ప్రతి బిడ్డ మీదా, ప్రతి రోజూ పనిచేయదు. నిద్ర లేని మనిషి చెవి పక్కన గంటల తరబడి ఆ ఏడుపు వింటే చేతులు వణుకుతాయి, కోపం వస్తుంది. ప్రేమ ఉన్నవాళ్లకూ వస్తుంది. ఆ క్షణంలో బిడ్డను పట్టుకుని కుదిపితే మెదడులో రక్తస్రావమై చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. కుదపడం వల్ల ఆసుపత్రికి చేరే పిల్లల వయసుల లెక్క తీస్తే, అది ఏడుపు పెరిగి తగ్గే గీత వెనకే నడుస్తుందని తేలింది. చేతుల్లో కోపం తెలిసిన వెంటనే బిడ్డను చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్క గదిలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోవచ్చు. ఆ పది నిమిషాలు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎత్తుకుని నడిచే పని వాళ్లది కావాలి, తండ్రో తాతో పిన్నో. ఆ రెండు గంటలు బాలింత తలుపు వేసుకుని, కడుపు నిండా తిని, పడుకోవాలి.